ఎవరి మాటలు మిగలాలి

"తొమ్మిదో తప్పు," అని చదివింది అత్తగారు, పదేళ్ళ పిల్లాడి గొంతుతో.

ఆవిడకి అరవై మూడు నిండాయి. మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు. గొంతు మాత్రం పదేళ్ళ దగ్గరే ఆగిపోయింది. పదకొండేళ్ళుగా పిల్లలందరూ టీవీలో వినే మిణుగురు గొంతు అది. సముద్రం ఒడ్డున దీపస్తంభంలో ఒక్కడే ఉంటూ, దారి తప్పిన ఓడల్ని ఒడ్డుకి చేర్చే జపాను కార్టూన్ కుర్రాడు మిణుగురు.

"అమ్మా, మామూలు గొంతుతో చదువు," అన్నాడు కొడుకు తలెత్తకుండా.

"మామూలు గొంతు ఎవరిక్కావాలిరా? మిణుగురు కంటే ముందు నిన్ను పెంచింది ఈ గొంతు. దీంతోనే విను." ఆవిడ కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ కాగితంలోకి చూసింది. "మూల సంభాషణలో లేని 'అమ్మా' అనే సంబోధన చేర్చబడినది. చేర్చబడినదట! ఒరేయ్, నువ్వెప్పట్నించిరా ఇలా మాట్లాడ్డం?"

కోడలు వంటగది గుమ్మానికి ఆనుకుని నిలబడింది. గిన్నెలు కడుగుతూ వచ్చిన చేతులు తడితడిగా ఉన్నాయి. తుడుచుకోవాలని తోచలేదు.

ఆ కాగితాలు బయటపెట్టింది ఆమే. పదకొండింటి మీటింగుకి తను రాసిన ఎపిసోడ్ల జాబితా తీసుకుందామని పొద్దున్నే ప్రింటర్‌లో కాగితాలు పెట్టింది. నిన్న కాగితాలైపోయి సగంలో ఆగిపోయిన పనేదో ముందు బయటికొచ్చింది. ఒకటి, రెండు, మూడు... పదకొండు పేజీలు. పేజీకి రెండు గళ్ళు. ఎడమవైపు 'మొదటి వెర్షన్', కుడివైపు 'రెండో వెర్షన్'.

మొదటి వెర్షన్ ఆమె రాసింది. చివరి పేజీ అడుగున ఒక్క వాక్యం: 'రెండో వెర్షన్ ఉంచదగినది.' దాని కింద ఆమె మొగుడి పేరు.

"మీకిది ఎప్పుడిచ్చారు?" అంది.

"రెండు వారాలైంది."

"రెండు వారాలూ ఇదే టేబుల్ దగ్గర కూచుని తిన్నారు. నా ఎపిసోడ్లు ఎక్కడిదాకా వచ్చాయని అడిగారు కూడా."

అతను కప్పు పక్కన పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు. అందులో కాఫీ లేదు.

రెండు నెలల క్రితం పెద్ద కంపెనీ చిన్న కంపెనీని కొనేసింది. పెద్దదాంట్లో అతను పనిచేస్తాడు. అనువాదాలు మూలంతో సరిపోయాయో లేదో చూసే విభాగం. చిన్నదాంట్లో ఆమె మాటలు రాస్తుంది, అత్తగారు గొంతిస్తుంది. రెండు కంపెనీలూ ఆ ఒక్క సీరియల్నే ఎవరికి వారు కొనుక్కుని, ఎవరికి వారు మన భాషలోకి తెచ్చుకున్నాయి. ఇప్పుడు యజమాని ఒక్కడే. ఒక ఇంట్లో రెండు పొయ్యిలు దేనికన్నాడు. ఒక వెర్షన్ ఉంటుంది, రెండోది పోతుంది. ఏది పోతుందో ఈవేళ చెబుతారు.

ఏది పోవాలో రాసి ఇవ్వమని అతన్ని అడిగారన్న సంగతి మాత్రం ఇంట్లో ఎవరికీ తెలీదు.

"నాకివ్వకండి, ఆ రాసింది మా ఆవిడ, గొంతిచ్చింది మా అమ్మ అని ఒక్క ముక్క చెప్పి తప్పుకోలేకపోయారా?"

"తప్పుకుంటే ఇంకెవరికో ఇచ్చేవాళ్ళు."

"ఇస్తే? ఆ ఇంకెవరో నాకు పద్నాలుగు తప్పులు పట్టేవాడా?"

అతను చేతి గడియారం చూసుకున్నాడు.

"చెప్పండి. తొమ్మిదోది తప్పేనా? మీ నోటితో చెప్పండి."

మూడో ఎపిసోడ్‌లో వస్తుంది ఆ మాట. తల్లి పోయాక మొదటిసారి కుర్రాడు బడి నుంచి ఇంటికొస్తాడు. జపాను వాళ్ళు ఇంట్లో అడుగుపెడుతూ వచ్చానని చెప్పడానికి ఒక మాట అంటారు. లోపలున్నవాళ్ళు దానికి బదులు చెబుతారు. కుర్రాడు అలవాటుకొద్దీ ఆ మాట అంటాడు. బదులు రాదు. అంతే ఆ దృశ్యం.

మనకా మాట లేదు. వారం రోజులు ఆమెకి అన్నం సహించలేదు. ఒక సాయంత్రం పక్కింటి తలుపు ఎవరో తట్టారు. లోపల్నించి 'ఎవరూ' అన్నారు. బయట్నించి 'నేనే' అన్నారు. ఆమె పెన్సిల్ కోసం ఇల్లంతా వెతికి, దొరక్క, కాటుకతో క్యాలెండర్ మీద రాసుకుంది.

'అమ్మా... నేనే.'

అత్తగారు దాన్ని ఒక్క టేకులో చెప్పింది. అప్పట్లో అతనూ ఆ చిన్న స్టూడియోలోనే ఉండేవాడు. అద్దానికి అవతల సౌండు చూసుకుంటున్నవాడు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఆ వేళ ఏడ్చింది నువ్వేనా?" అంది ఆమె.

పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో అతన్ని 'నువ్వు' అనడం అదే మొదటిసారి. అత్తగారు కాగితాల మీంచి తలెత్తి చూసింది. ముగ్గురూ ఆ మాట విన్నారు. ముగ్గురూ విననట్టే ఊరుకున్నారు.

అతను లేచి బూట్లు వేసుకోడానికి వంగాడు. లేసు ముడి రెండుసార్లు తప్పింది.

"మీటింగుకి వెళ్ళు," అన్నాడు, వంగే. "వాళ్ళేమంటే దానికి ఊఁ అను. గొడవపడకు. పైకి రాసి ఇస్తాననీ, తేల్చుకుంటాననీ అనకు. ఓడిపోయినట్టు వచ్చెయ్."

"ఎందుకు?"

"చెప్పకూడదు. సంతకం తీసుకున్నారు."

"నాకు కూడానా?"

"ముఖ్యంగా నీకు."

అత్తగారు కాగితాలు బల్ల మీద పడేసింది. ఈసారి ఆవిడ సొంత గొంతు, బొంగురుగా వచ్చింది. "నిప్పులాంటి మనిషివని నలుగురూ అనుకోడానికి కొంపకే నిప్పు పెట్టుకుంటార్రా? పెళ్ళాం మాటలు తీసిపారేశావు. దాంతోబాటు తల్లి గొంతు కూడా. ఒక్క దెబ్బకి ఇద్దర్నీ ఇంట్లో కూచోబెట్టావు. పోనీలే, నీకు వండిపెట్టడానికి మనుషులకి కొదవుండదు."

అతను తలుపు తీసి, ఒక క్షణం ఆగాడు. ఏదో చెబుతాడనుకుంది ఆమె. అతను తలుపు చప్పుడు కాకుండా వేసుకుని వెళ్ళిపోయాడు.

విసిరికొట్టి వెళ్ళినా ఇంత భయం వేసేది కాదు.

* * *

బస్సులో అత్తాకోడళ్ళు ఒకే సీట్లో కూచున్నారు. నిజానికి అత్తగారిని ఎవరూ రమ్మనలేదు. గొంతు ఇచ్చేవాళ్ళకి ఇంకో రోజు చెబుతామన్నారు. "ఇంట్లో గోడలు చూస్తూ కూచుంటే నాకు పిచ్చెక్కుతుంది, అమ్మాయ్," అని మెడకి ఉన్ని గుడ్డ చుట్టుకుని బయల్దేరింది ఆవిడ.

నాలుగు స్టాపులు దాటాయి.

"వాడు చిన్నప్పుడు అబద్ధం చెబితే చెవులు ఎర్రబడేవి," అంది ఉన్నట్టుండి. "ఈవేళ చూశాను. ఎర్రబడలేదు."

"అయితే?"

"అయితే ఏం లేదు. చూశానని చెబుతున్నా."

"అత్తయ్యా, ఆయన్ని వెనకేసుకురాకండి. నాకిప్పుడు ఓపిక లేదు."

"వెనకేసుకొస్తే అన్ని తిట్లు ఎందుకు తిడతాను?" ఆవిడ కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి మెల్లగా, పెదవులు కదపకుండా, గొంతులోనే మిణుగురులా నవ్వి చూసుకుంది. అది ఇంకా అక్కడే ఉందో లేదో చూసుకున్నట్టు. ముందు సీట్లో చంటిపిల్ల చటుక్కున వెనక్కి తిరిగి, ఎవరా అని వెతికింది. అత్తగారు ఏమీ ఎరగనట్టు టికెట్టు మడతపెట్టుకుంటూ కూచుంది.

కోడలికి నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండూ దిగమింగింది.

ఆమెకి మొగుడి మీద కోపం ఎంతుందో, ఆ రెండో వెర్షన్ రాసినవాడి మీద అంతకంటే ఎక్కువుంది. ఎనిమిదేళ్ళుగా ఉంది. మనిషిని చూడలేదు. ఫోటో కూడా చూడలేదు. అతని వెర్షన్‌లో కుర్రాడికి జపాను పేరే ఉంటుంది. 'మిణుగురు' లాంటిదేమీ పెట్టలేదు. మాటలు ముక్కుసూటిగా ఉంటాయి. కానీ ఓడలు! తాళ్ళకీ తెరచాపలకీ గాలులకీ అతను వాడే మాటలు వింటే, ఆమె రాసిన సముద్రం చెరువులా కనిపించేది. అదీ ఆమె కోపం. ఎవరికీ చెప్పుకోలేనిది.

* * *

కొత్త ఆఫీసు ముందు రెండు నిచ్చెనలు వేసి పేరు మారుస్తున్నారు. పాత పేరులో చివరి రెండక్షరాలు ఇంకా గోడకే ఉన్నాయి. కింద ఒకడు నిలబడి, "కొంచెం ఎడమకి... కొంచెం ఎడమకి..." అంటున్నాడు.

పైన వరండాలాంటి గదిలో కుర్చీలు. ఒకే ఒక్క మనిషి ఉన్నాడు. డెబ్బై దాటినవాడు, ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో గుడ్డ సంచీ. పరీక్షకి వచ్చిన కుర్రాడిలా కుర్చీ అంచున కూచున్నాడు.

"ఇక్కడ మంచినీళ్ళెక్కడో ఏమిటో," అంది అత్తగారు గట్టిగా, కూలబడుతూ.

ముసలాయన లేచి నిలబడ్డాడు. సంచీ ఒళ్ళోంచి జారి కింద పడింది.

"మీరు... మీరు మిణుగురు కదూ?"

అత్తగారు నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఆవిడ మామూలు గొంతులో మిణుగురుని ఎవరూ ఎప్పుడూ పోల్చుకోలేదు.

"మంచినీళ్ళు అన్నప్పుడు 'ళ్ళు' దగ్గర చిన్న విరుపు విరుస్తారు. ఇరవయ్యో ఎపిసోడ్‌లో పీపాలో నీళ్ళైపోయినప్పుడు అచ్చం అలాగే అన్నారు." ఆయన రెండు చేతులూ జోడించాడు. "నేను రెండో వెర్షన్ వాణ్ణండీ."

కోడలు ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. ఎనిమిదేళ్ళ శత్రువు. చొక్కా పైబొత్తం ఊడిపోతే వేరే రంగు దారంతో కుట్టుకున్నాడు.

"కూచోండి అన్నయ్యగారూ," అంది అత్తగారు, మనిషి ఎవరో అర్థమై, ఏమనాలో తోచక. "ఇది మా కోడలు. మాటలు రాసింది ఇదే."

ఆయన కోడలి వైపు తిరిగాడు.

"ఆ 'నేనే' మీరు రాసిందేనామ్మా?"

ఆమె తలూపింది.

"నేనక్కడ 'ఇంటికి వచ్చేశాను' అని రాశాను." ఆయన గొంతు తగ్గింది. "రాసి పంపించేశాక మీది చూశాను. ఆ వేళ నుంచి సిగ్గుపడుతూనే ఉన్నాను. ఇంటికి వచ్చేశానని ఎవరంటారమ్మా? నేనే అంటాం. నలభై ఏళ్ళు నేనూ అదే అన్నాను, ఓడ దిగి ఇంటికొచ్చినప్పుడల్లా. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ. అయినా నాకు తట్టలేదు."

ఓడ దిగి! అదీ సంగతి.

"మీరు ఓడల్లో పనిచేశారా బాబాయ్‌గారూ?"

"సరుకు ఓడల్లో రేడియో చూసేవాణ్ణి. అందరూ రేడియో అనే పిలిచేవారు, అసలు పేరు మర్చిపోయారు. రేవుల్లో వారాల తరబడి ఆగిపోయేవాళ్ళం. అక్కడే జపాను మాట పట్టుబడింది. రిటైరయ్యాక ఇంట్లో గాలి కూడా చప్పుడు చేసేది కాదు. అప్పుడిచ్చారు ఈ పని." సంచీలోంచి అట్ట నలిగిన నోట్‌బుక్ తీశాడు. "ఈ కుర్రాడే నాకు తోడు. కొత్త భాగం ఇంకా రాలేదు కదా, బొమ్మల పుస్తకం జపాను నుంచి తెప్పించుకుని ముందే రాసేసుకుంటున్నాను. పొద్దున్నే లేవడానికి ఏదో ఒకటి ఉండాలి కదమ్మా."

ఆమె నోట్‌బుక్ తెరిచింది. గుండ్రటి చేతిరాత. ఒక్కో మాటకి నాలుగైదు కొట్టివేతలు. ఒక పేజీ మూల చిన్నగా రాసుకున్నాడు: 'ఆవిడైతే ఇక్కడ ఏమంటుంది?'

ఆవిడంటే తనే.

"మీది ఉంచితే బాగుండును," అన్నాడాయన, నిజాయితీగా. "పిల్లలకి మిణుగురే అలవాటు. కానీ... అబద్ధమెందుకు, నాది ఉంచినా బాగుండును."

అత్తగారు పకపకా నవ్వింది. పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు. కోడలు నవ్వలేకపోయింది. జేబులో పెట్టుకున్న నిప్పులా ఆ ఒక్క వాక్యం ఆమె లోపల కాలుతోంది: 'రెండో వెర్షన్ ఉంచదగినది.' ఈయనకింకా తెలీదు. తెలిస్తే ఎంత పొంగిపోతాడో! చెప్పడానికి నోరు రాలేదు. చెప్పకుండా ఉండడానికీ సిగ్గుగా ఉంది.

గాజు తలుపు తెరుచుకుంది. "రైటర్స్ ఇద్దరూ రండి, ప్లీజ్."

* * *

మేనేజరుకి ముప్ఫై ఉంటాయేమో. గళ్ళకోటు వేసుకుంది. కళ్ళ కింద నల్లటి చారలు. చెడ్డపిల్లలా లేదు. పొద్దుటి నుంచి ఇలాంటి వార్తలు పదిమందికి చెప్పి అలిసిపోయిన పిల్లలా ఉంది.

"సూటిగా చెప్పేస్తానండీ, పన్నెండింటికల్లా పైకి పంపాలి." ఆయన వైపు తిరిగింది. "సార్, మీ వెర్షన్ తీసుకున్నాం. కంగ్రాట్స్."

ఆయన సంచీ ఒళ్ళోకి లాక్కున్నాడు. కోడలి వైపు చూసి, "క్షమించమ్మా," అన్నాడు.

ఆమె నవ్వడానికి ప్రయత్నించింది. తెలిసిన వార్తే. అయినా మొహం మీద చల్లటి నీళ్ళు చల్లినట్టైంది. పదకొండేళ్ళు. మూడువందల నలభై ఎపిసోడ్లు. 'నేనే' ఇక ఎవరూ వినరు.

"మేడమ్, మీదాని క్వాలిటీ తక్కువని కాదు," అంది మేనేజరు గబగబా. "అది పక్కన పెడతామంతే. మీకన్యాయం జరగదు. కొత్త సీరియల్స్ నలభై దాకా వస్తున్నాయి. రాసే టీములో మీ పేరు మొదటి వరసలో ఉంది. వచ్చే వారం నుంచి జాయినవ్వచ్చు."

ఆమె తలెత్తింది. ఓడిపోయినవాళ్ళకి ఉద్యోగమా?

"మరి బాబాయ్‌గారికి?"

"సార్‌ది వేరే పద్ధతి. అగ్రిమెంటులో ఉంది. సార్, ఇక్కడ సంతకం పెడితే సరిపోతుంది."

"ఆయన ఒప్పుకోకపోతే?" ఎందుకడిగిందో ఆమెకే తెలీదు.

మేనేజరు ఒక క్షణం తటపటాయించింది. "అప్పుడు మీ వెర్షనే తీసుకుంటాం. ఇదే కాగితం మీ ముందుకొస్తుంది. సార్ ఎందుకొప్పుకోరు లెండి?"

ఆయన సంచీ అంతా తడిమాడు. జేబులు తడిమాడు. "కళ్ళజోడు... బస్సులో ఉండిపోయిందో ఏమిటో. ఈ అక్షరాలు నాకు చీమలబారులా ఉన్నాయి. అమ్మా, కాస్త నువ్వు చదివి పెట్టు. నీ మాటలు పోయిన కాగితం నీచేతే చదివిస్తున్నాను, ఏమనుకోకు."

"ఫర్వాలేదు బాబాయ్‌గారూ." ఆమె కాగితం దగ్గరికి లాక్కుంది.

ఒకటి. ఎంపికైన వెర్షన్ మీద సర్వహక్కులు కంపెనీవి. రెండు. రచయిత పేరు వెయ్యడం, వెయ్యకపోవడం కంపెనీ ఇష్టం. ఆయన ప్రతిదానికీ తలూపుతున్నాడు. మూడు, నాలుగు, అయిదు. అన్నీ ఇలాంటివే. ఆరు. ఈ ఒప్పందం సంగతులు బయట ఎవరితోనూ అనకూడదు.

పేజీ తిప్పింది.

ఏడోది పైకి చదవబోయి, కళ్ళతో చదివింది. మళ్ళీ చదివింది.

ఎంపికైన వెర్షన్‌లోని మాటలన్నిటినీ కంపెనీ తన యంత్రానికి నేర్పుతుంది. ఇకముందు ఎపిసోడ్లు ఆ యంత్రమే రాస్తుంది. ఆ యంత్రానికి పోటీ కాకుండా, రచయిత ఈ కథకి గానీ, ఈ మాటల తీరులో మరే కథకి గానీ, ఈ కంపెనీకైనా బయటైనా ఇక రాయకూడదు.

గదిలో ఏసీ చప్పుడు పెద్దదైనట్టనిపించింది.

ఓడిపోయినట్టు వచ్చెయ్ అన్నాడు. చెవులు ఎర్రబడలేదంది అత్తగారు. పద్నాలుగు తప్పులు పట్టాడు. లేనివి ఉన్నాయని రాశాడు. తను ఏడ్చిన మాటని తప్పని రాశాడు. గెలిచినవాళ్ళ నోరు కుట్టేస్తారని అతనికి తెలుసు. అందుకని తల్లి గొంతు పోయినా సరేననుకుని, పెళ్ళాన్ని ఓడించాడు.

ఓడించడానికి ఇంకొకర్ని గెలిపించాలి. ఎవర్ని గెలిపిస్తున్నాడో అతనికి తెలీదు. చూడలేదు. అతనికి అది కుడివైపు గడి.

ఆమెకి తెలుసు. ఇప్పుడే చూసింది. ఆయన నోట్‌బుక్ కూడా చూసింది.

"ఆగిపోయావేంటమ్మా?" అన్నాడాయన. పెన్ను మూత అప్పుడే తీసి పట్టుకున్నాడు. "అయిపోయాయా?"

"మిగతావి మామూలువేనండీ," అంది మేనేజరు, కాగితం వైపు చూడకుండా.

బల్ల మీద ఆమె ఫోను వణికింది. మొగుడి నుంచి ఒకే మాట: 'సంతకమైందా?'

అయితే చాలు. వచ్చే వారం నుంచి పని. నలభై సీరియళ్ళు. కొత్త మాటలు, కొత్త పిల్లలు. అత్తగారికీ ఎక్కడో ఒక గొంతు దొరక్కపోదు. తను నోరు తెరవకపోతే చాలు. అబద్ధం చెప్పక్కర్లేదు కూడా. ఆరు షరతులు చదివి ఆగితే, ఎవరూ ఆమెని తప్పుపట్టరు. ఆయన కూడా తప్పుపట్టడు. ఆయనకి తెలీనే తెలీదు, కొత్త భాగానికి ఫోన్ రాని రోజు దాకా.

నోరు తెరిస్తే, ఇదే కాగితం బల్ల మీద ఇటువైపు జరుగుతుంది. పెన్నుతో సహా. తనూ వద్దంటే? ఆ మాట ఎవరూ చెప్పలేదు. అలా అన్నవాళ్ళు ఇంతవరకూ లేరేమో.

గాజు తలుపు అవతల అత్తగారు ఎవరితోనో ఏదో అంటోంది. మాటలు వినపడ్డం లేదు. చేతులు తిప్పడం కనిపిస్తోంది. నిచ్చెన మీంచి దిగి వచ్చిన పనివాడొకడు నవ్వుతున్నాడు. ఏ గొంతుతో మాట్లాడుతోందో!

"చదువమ్మా," అన్నాడు రేడియో మెల్లగా. "ఎంత చిన్నదైనా చదివెయ్. ఓడలో మాకదే అలవాటు. వచ్చిన మాట వచ్చినట్టు చెప్పెయ్యాలి, గాలివాన కబురైనా సరే."

ఆమె ఫోను బోర్లా పెట్టింది. మేనేజరు గోడ గడియారం చూసింది. ఆ తర్వాత ఆమె మొహం చూసింది. ఏదో అర్థమైనట్టు కుర్చీలోంచి సగం లేచింది.

"మేడమ్, ఒక్క నిమిషం. మీరు బయట మాట్లాడతారా? మీవారు కూడా ఇదే ఫ్లోర్‌లో ఉన్నారు, పిలిపిస్తాను..."

"అక్కర్లేదండీ," అంది ఆమె.

కాగితం వెలుతురు వైపు తిప్పింది. వేలు ఆ వరస మీద పెట్టింది.

"ఏడు," అని మొదలుపెట్టింది.